బయ్యారం నుండి పడమటి సముద్రానికి

దసరా సెలవులకు గోవా వెళ్ళాలని నిశ్చయించుకున్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఏ సంకోచమూ లేదు. పిల్లలకు సముద్రం చూపించాలన్నది మా మొదటి కోరిక. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో పుట్టి పెరిగిన పిల్లలకు నీళ్ళంటే ఊరి పెద్దచెరువే. పోర్చుగీసువారు నాలుగున్నర శతాబ్దాలు పాలించిన పట్టణాలను, వారు కట్టుకున్న ఇళ్ళను, వారు విడిచిపోయిన వంటకాలను చూసి రావాలన్నది రెండవ కోరిక. టికెట్లు చేతికి వచ్చాకనే చిక్కు మొదలయింది. సికింద్రాబాద్ నుండి బయలుదేరే ఆ రైలు చివరి స్టేషను పేరు వాస్కో డ గామా. ఇంటర్మీడియట్ చదువుతున్న మా పెద్దవాడు ఆ పేరు చూసి, చరిత్ర పుస్తకాలు తిరగేసి, రాత్రి భోజనాల వేళ ఒక సంగతి బయటపెట్టాడు.

వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడని మనమంతా బడిలో చదువుకున్నాము. అతడు రెండవసారి వచ్చినప్పుడు, 1502లో, కన్నూరు సమీపంలో ‘మీరీ’ అనే ఓడను అడ్డగించాడు. అది మక్కా నుండి తిరిగివస్తున్న హజ్ యాత్రికుల ఓడ. అందులో స్త్రీలూ పిల్లలూ సహా వందల మంది ఉన్నారు. ఓడలోని సొత్తు లాక్కుని, కొంతమంది పిల్లలను మాత్రం తీసుకుని, మిగిలినవారిని ఓడతోపాటే తగులబెట్టించాడు. తల్లులు తమ నగలను, చంకలోని బిడ్డలను పైకెత్తి చూపుతూ ప్రాణభిక్ష వేడుకున్నారని, గామా నౌకాదళంలోనే గుమాస్తాగా ఉన్న తొమే లోపెష్ అనే పోర్చుగీసు వ్రాసిపెట్టాడు. శత్రువులు వ్రాసిన నింద కాదది, వారి మనిషి చెప్పిన సాక్ష్యం.

మా పెద్దవాడు ఇంత చెప్పి, హజ్ చేసివచ్చిన తన దాదీమా వైపు తిరిగాడు. “దాదీ, నీవు విమానంలో వచ్చావు. ఆ కాలంలో అయితే అటువంటి ఓడలోనే వచ్చేదానివి. అతని పేరు పెట్టిన ఊరికి మనం షికారు పోవాలా?”

మేము ఏమి చెప్పాలో తోచక ఊరకున్నాము. అమ్మ చేయి కడుక్కుని వచ్చి, “పోదాం బేటా. కళ్ళతో చూడకుండా కోపమైనా ఎట్లా వస్తుంది, దుఃఖమైనా ఎట్లా వస్తుంది?” అన్నది. భూమ్మీద తిరిగి గతించినవారి ఆనవాళ్ళు చూడమని ఖుర్ఆన్ ఎన్నిచోట్ల ప్రేరేపించిందో ఆమెకు గుర్తు చేయవలసిన పని మాకు ఎప్పుడూ లేదు.

మహబూబాబాద్ నుండి సికింద్రాబాద్, అక్కడి నుండి గోవా రైలు. కర్నూలు, గుంతకల్లు, బళ్ళారి మీదుగా పోతుంది. హొసపేట వచ్చేసరికి, ఇక్కడికి కొద్ది దూరంలోనే హంపి ఉందని, కృష్ణదేవరాయలు గోవా పోర్చుగీసుల నుండే అరబ్బు గుర్రాలను కొనుక్కునేవాడని పిల్లలకు చెప్పాము. రైల్లోనే నమాజును ఖస్ర్ చేసి చదువుకున్నాము. తెల్లవారుజామున పశ్చిమ కనుమలు దిగేటప్పుడు దూధ్‌సాగర్ జలపాతం చూడాలని చిన్నమ్మాయి నిద్ర మానుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. జలపాతం వచ్చింది, కానీ చీకట్లో వచ్చింది. హోరు వినిపించింది, కొన్ని తుంపర్లు ముఖం మీద పడ్డాయి, అంతే. వెళ్ళేవారు పగటిపూట ఘాట్ దాటే రైలు ఎంచుకుంటే మేలు.

మా బస పణజీలోని ఫోంతెయినాస్ పేటలో. 1843లో పోర్చుగీసువారు రాజధానిని పాత గోవా నుండి పణజీకి మార్చుకున్నారు. ఫోంతెయినాస్‌లో సందులు ఇరుకు. ఇళ్ళకు పసుపు, నీలం, ఎరుపు రంగులు. పైన ఎర్ర పెంకులు. పాత ఇళ్ళ కిటికీ రెక్కలకు గాజుకు బదులు పలుచని ఆల్చిప్పలు బిగించి ఉంటాయి. వాటి గుండా వచ్చే వెలుతురు పాలలో కలిపినట్టు మెత్తగా ఉంటుంది. ఇంటి ముందు మెట్లెక్కగానే ఇరువైపులా కూర్చునే దిమ్మెలతో ఒక చిన్న వసారా. దానిని వాళ్ళు ‘బల్కావ్’ అంటారు. సాయంత్రం కాగానే పెద్దవాళ్ళు అక్కడ కూర్చుని వచ్చేపోయేవారిని పలకరిస్తారు. అమ్మ దానిని చూడగానే “మన అరుగే కదా” అని వెళ్ళి కూర్చున్నది. మన ఊళ్ళలో కొత్త ఇళ్ళు కట్టేవారు అరుగును మింగేసి గేటు పెట్టుకుంటున్నారు. గోవావారు ఇంకా అంత దూరం పోలేదు.

ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన క్రైస్తవ స్త్రీ. మేము ఆమెను ఆంటీ అని పిలిచాము. మేము ముస్లిములమని తెలియగానే ఆమె మమ్మల్ని వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచి, “నా గిన్నెలలో పంది మాంసం వండుతాను. వెనిగర్‌లో ఊరబెట్టిన సాసేజీలు అదిగో వేలాడుతున్నాయి. మీకు ఈ వంటింట్లో ఏదీ పెట్టలేను, ఏమీ అనుకోకండి” అని హిందీలో స్పష్టంగా చెప్పింది. మర్నాడు పొద్దున అరటిపళ్ళు, బొప్పాయి ముక్కలు మాత్రం పెట్టింది, అవి కూడా కాగితపు పళ్ళాలలో. ఆమె దాచకుండా చెప్పినందుకు అమ్మ ఎంతో సంతోషించింది. అదే రోజు మధ్యాహ్నం ఒక హోటల్లో ఇందుకు భిన్నంగా జరిగింది. “అంతా చికెనే” అని చెప్పి వడ్డించబోయిన రొట్టెలో ఉన్నది శోరీసు, అంటే పంది సాసేజీ. పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి సైగ చేయకపోతే చిన్నమ్మాయి తినేసి ఉండేది. గోవా వెళ్ళే ముస్లిం కుటుంబాలు అడగడానికి మొహమాటపడకూడదు. పణజీలోనూ ఫోండాలోనూ ముస్లింలు నడిపే భోజనశాలలకు కొరత లేదు.

గోవా ఉదయం పొదేర్ బూరతో మొదలవుతుంది. పొదేర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. సైకిలు వెనుక పెద్ద గంప, హ్యాండిలుకు రబ్బరు బూర. రొట్టెను పులియబెట్టి పొయ్యిలో కాల్చే పద్ధతిని పోర్చుగీసువారు నేర్పారు. మనం పావ్‌భాజీలో తినే ‘పావ్’ వారి మాటే. తవుడు కలిపి చేసే గుండ్రని రొట్టెను ‘పొయ్’ అంటారు. పూర్వం పిండిని కల్లుతో పులియబెట్టేవారని విని అమ్మ సైకిలును ఆపించి అడిగింది. అతడు నవ్వి, “ఇప్పుడు కల్లు ఎక్కడిదమ్మా, అంతా ఈస్టే” అన్నాడు. ఆ తరువాత మూడు రోజులూ పొయ్‌ను టీలో ముంచుకుని తిన్నాము.

విందాలూ అనే పేరు విని అందులో ఆలూ ఉంటుందనుకునేవారు చాలామంది. అది ‘సారాయి, వెల్లుల్లి’ అన్న పోర్చుగీసు మాటల నుండి వచ్చింది. ద్రాక్షసారాయి దొరకని గోవాలో కొబ్బరికల్లు నుండి తీసిన వెనిగర్ ఆ స్థానంలోకి చేరింది. సిర్కాను దైవప్రవక్త (స) మంచి వ్యంజనమని మెచ్చుకున్నారని, దానంతట అదే పులిసి సిర్కాగా మారినది ధర్మసమ్మతమేనని అమ్మ పిల్లలకు వివరించింది. ఫోండాలోని ఒక ముస్లిం హోటల్లో కోడి విందాలూ తిన్నాము. పులుపు, కారం, వెల్లుల్లి ఒకదానితో ఒకటి పోటీపడే కూర అది. మా ఖట్టీ దాల్ తినే నాలుకలకు పరాయిగా అనిపించలేదు. కాఫ్రియాల్ అనే ఆకుపచ్చ కోడి వంటకం ఇంకా బాగుంది. దాని పేరు కథ మాత్రం విచిత్రం. తూర్పు ఆఫ్రికా తీరంలో అరబ్బు వర్తకులు ఇస్లాం స్వీకరించని స్థానికులను ‘కాఫిర్’ అనేవారు. పోర్చుగీసువారు దానిని ‘కాఫ్రె’ చేసుకుని నల్లజాతి మనుషులందరికీ అంటగట్టారు. మొజాంబిక్ నుండి గోవాకు వచ్చిన వంటకానికి ఆ పేరే నిలిచిపోయింది. ఒక ధార్మిక పదం ఎన్ని చేతులు మారి, ఎంత అవమానం మోసుకుని కోడికూర మీద వాలిందో!

కారం సంగతి మా ప్రాంతంవారు తప్పక తలచుకోవలసినది. మిరపను అమెరికా ఖండాల నుండి ఈ దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారే. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో మా చెరువు తవ్వించి శాసనం వేయించిన నాడు బయ్యారం వంటింట్లో కారమంటే మిరియమే. నేడు ఖమ్మం, వరంగల్ మార్కెట్లకు మిరపకాయ బస్తాలు తోలి సంవత్సరపు అప్పులు తీర్చుకునే రైతులకు ఆ గింజ ఏ ఓడ దిగి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. జీడిమామిడి, అనాస, బొప్పాయి కూడా ఆ ఓడలలోనివే. మా పెద్దవాడు ఇది విని, “అంటే వాళ్ళకు కృతజ్ఞత చెప్పాలా?” అని పెడసరంగా అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర వెంటనే జవాబు లేదు.

రెండవ రోజు పాత గోవా వెళ్ళాము. పణజీ నుండి మాండవి నది వెంట పది కిలోమీటర్లు. ఆదిల్‌షాహీ సుల్తానుల కాలంలోనే అది పెద్ద రేవు పట్టణం. 1510 నవంబరు 25న అఫోన్సో డి అల్బుకెర్క్ దానిని రెండవసారి పట్టుకున్నాడు. పట్టణంలోని ముస్లింలను స్త్రీలు, పిల్లలు అని చూడకుండా రోజుల తరబడి చంపించాడు; ఆరువేల మంది మరణించారని తన రాజుకు తానే లేఖ వ్రాసుకున్నాడు. ఆ రోజు సెయింట్ కాథరీన్ పండుగ కావడంతో, గోవాలోని అతి పెద్ద చర్చి అయిన సే కథీడ్రల్ ఆమె పేరిటే వెలసింది. నది ఒడ్డున వైస్రాయి తోరణం ఉంది. వాస్కో డ గామా మునిమనుమడు వైస్రాయిగా వచ్చి కట్టించినది; దాని మీద గామా విగ్రహం నిలబడి ఉంది. అక్కడికి కొంచెం దూరంలో ఆదిల్‌షా కోటలో మిగిలిన ఒకే ఒక ద్వారం, నల్లరాతి స్తంభాలు, పైన ఒక దూలం. వెనుక కోట లేదు, గోడ లేదు. తలుపు లేని గుమ్మం గుండా అటువైపు గడ్డి కనిపిస్తుంది.

బోం జెసూ బసిలికా దగ్గర మా పెద్దవాడు ఆగిపోయాడు. 1605లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉంది. “మీరు వెళ్ళండి. నేను రాను” అన్నాడు. మేము బలవంతం చేయలేదు. అమ్మ కూడా అతనితో బయటే చెట్టు కింద కూర్చుండిపోయింది. మేము ఇద్దరమూ చిన్నమ్మాయిని తీసుకుని చూసి వచ్చాము. లోపల బంగారు పూత దేదీప్యమానంగా ఉంది. మోకరిల్లి కన్నీళ్ళు పెట్టుకుంటున్న పేద స్త్రీలు ఉన్నారు. బయటికి వచ్చేసరికి నాయనమ్మా మనుమడూ వాదనలో ఉన్నారు.

“చంపినవాడు ఒకడు బేటా, పొద్దున మనకు బొప్పాయి కోసిపెట్టిన ఆంటీ ఇంకొకరు. ఇద్దరినీ ఒకే ఖాతాలో ఎట్లా వ్రాస్తావు? ఒకరి పాపభారం గురించి ఖుర్ఆన్ ఏమి చెప్పిందో మదర్సాలో నీవే చదివావు కదా.”

“మరి మనవాళ్ళ సంగతి ఎవరు చెబుతారు, దాదీ? గైడు అందరికీ చర్చి కథ చెబుతున్నాడు. ఆరువేల మంది సంగతి ఒక్కరికీ చెప్పలేదు.”

ఆ మాట నిజం. ఆ పూట ముగ్గురు గైడుల మాటలు మా చెవిన పడ్డాయి. ఎవరూ 1510ను అంతకు మించి కదిలించలేదు. అయితే ‘మనవాళ్ళు’ అన్న పదం దగ్గర మేము మా అబ్బాయిని కొంత నిలబెట్టవలసి వచ్చింది. అల్బుకెర్క్‌ను గోవా మీదికి ఆహ్వానించి దారి చూపినవాడు తిమ్మయ్య అనే స్థానిక నాయకుడు. అంతకు ముందు 1472లో విజయనగరం చేతిలోని గోవాను పట్టుకున్నవాడు బహమనీ మంత్రి మహమూద్ గవాన్. సుల్తానులకు రాజ్యం కావాలి, పోర్చుగీసులకు రేవు కావాలి, తిమ్మయ్యకు పదవి కావాలి. చచ్చినవారు మాత్రం రేవులో బట్టలు, మిరియాలు అమ్ముకునే కుటుంబాలు. బీజాపూరు సుల్తాను మనవాడైతే, ఎవరి చెరువు కింది వడ్లు తిని మనం బ్రతుకుతున్నామో ఆ మైలాంబ పరాయిదా? మా అబ్బాయి దీనికి ఒప్పుకోలేదు, కాదనలేదు. “సుల్తాను గురించి నేను అడగలేదు, ఆ కుటుంబాల గురించే అడిగాను” అన్నాడు. అతడు మాకంటే సూటిగా ఉన్నాడనిపించింది.

పోర్చుగీసువారి మాటల వేటలో చిన్నమ్మాయి మునిగిపోయింది. ఇళ్ళ గోడలకు పేర్లు వ్రాసిన నీలిరంగు పలకలను వారు ‘అజులేజు’ అంటారు. అది అరబ్బీ ‘అజ్జులైజ్’. 8వ శతాబ్దం నుండి 13వ శతాబ్దం మధ్య వరకు నేటి పోర్చుగల్ దక్షిణ భాగం ముస్లింల ఏలుబడిలో ఉండేది. లిస్బన్ 1147లో, దక్షిణాన ఉన్న ఫారో 1249లో చేజారాయి. మనుషులు వెళ్ళిపోయారు, మాటలు ఉండిపోయాయి. వారి చక్కెర ‘అసూకర్’, మన అరబ్బీ ‘అస్సుక్కర్’. వారి బియ్యం ‘అర్రోజ్’, అరబ్బీ ‘అర్రుజ్జ్’. ఏదైనా మంచి జరగాలని కోరుకునేటప్పుడు పోర్చుగీసువారు నేటికీ ‘ఓషలా’ అంటారు. అది మన ఇన్ షా అల్లాహ్‌కు సంబంధించిన మాటే. ఇక వారి భాష నుండి మన తెలుగులోకి వచ్చినవి మేస్త్రి, అల్మారా, తువాలు, బొత్తాం, బాల్చీ, పాదిరి. పణజీలో నది ఒడ్డున ఆదిల్‌షా వేసవి విడిది ఉంది. 1759 నుండి పోర్చుగీసు వైస్రాయిల నివాసం, తరువాత చాలాకాలం శాసనసభ. దాని పేరు ‘ఇడల్‌కావ్’ భవనం. ఆదిల్ ఖాన్ అన్న పేరు వారి నోట అలా తిరిగింది.

మూడవ రోజు ఫోండా. ఈ యాత్రలో మాకు అన్నిటికంటే నచ్చిన చోటు అక్కడి సఫా మసీదు. 1560లో ఆదిల్‌షాహీల కాలంలో కట్టినది. చిన్న గుట్ట పాదాన, ఎర్ర జేగురురాతి అరుగు మీద ఒకే ఒక గది, పైన ఏటవాలు పెంకుల కప్పు. గుమ్మటం లేదు. పక్కన లోతైన కోనేరు. దాని లోపలి గోడలలో మిహ్రాబు ఆకారపు గూళ్ళు వరుసగా ఉన్నాయి. చుట్టూ పడిపోయిన ఎనిమిది పలకల స్తంభాల మొదళ్ళు మాత్రమే మిగిలాయి. ఇదే 1560లో, నది ఆవల పోర్చుగీసు గోవాలో మతవిచారణ న్యాయస్థానం మొదలయింది. 1812 వరకు అది నడిచింది. మసీదుకు ఎక్కువ దూరం లేని ప్రియోల్‌లో మంగేశీ ఆలయం ఉంది. పోర్చుగీసు ఏలుబడిలో గుళ్ళు కూలుతున్నప్పుడు భక్తులు తమ దేవతామూర్తులను రాత్రికి రాత్రి నది దాటించి ఈ ఫోండా ప్రాంతంలోనే దాచుకున్నారు. ఈ మాట చెప్పినప్పుడు మా పెద్దవాడు కోనేటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు నీళ్ళలోకి చూశాడు. జుహర్ వేళకు అక్కడే నమాజు చేసుకున్నాము.

తిరుగుదారిలో వంతెన మీది నుండి నదిలో పొడవాటి పడవలు కనిపించాయి. ఎర్రని మట్టి నింపుకుని రేవు వైపు పోతున్నాయి. ఇనుప ఖనిజం అన్నాడు డ్రైవరు. బయ్యారంవారికి ఆ రంగు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. మా గుట్టలదీ అదే రంగు. ఉక్కు కర్మాగారం మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. మా ఊరి కుర్రవాళ్ళు నేటికీ ఆ మాట మీదే ఆశ పెట్టుకుని ఉన్నారు. ఆ సంగతి ఇక్కడ ఇంతటితో చాలు.

చివరి సాయంత్రం వాస్కో పట్టణంలోనే ఉన్నాము. పొద్దున్నే రైలు ఉంది. బైనా తీరానికి నడిచి వెళ్ళాము. ఇసుక అంత శుభ్రంగా లేదు. చేపల వాసన, పిల్లల కేరింతలు, వేరుసెనగల బండ్లు. సూర్యుడు నీళ్ళలోకి దిగుతున్నాడు. అమ్మ పడమటి వైపు చూస్తూ, “జిద్దా అటేనా?” అని అడిగింది. అటే, ఈ సముద్రం దాటి ఎర్రసముద్రంలోకి తిరిగితే అని చెప్పాము. “అంటే వాళ్ళు ఈ నీళ్ళ మీదనే ఇంటికి వస్తున్నారన్న మాట” అన్నది. అప్పటివరకు ‘మీరీ’ గురించి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

అజాన్ వినిపించింది. అమ్మ ఇసుక మీద దుప్పటి పరిపించింది. మా పెద్దవాడు ఎవరూ చెప్పకముందే ముందుకు వచ్చి ఇమామ్‌గా నిలబడ్డాడు. మగ్రిబ్ మూడు రకాతులు అయ్యాక చేతులెత్తి, ఆ ఓడలోనివారి కోసం, పేర్లు తెలియవు గనుక పేర్లు లేకుండానే, దుఆ చేశాడు. తల్లులనూ పిల్లలనూ విడివిడిగా తలచుకున్నాడు. పక్కన వేరుసెనగలు అమ్మే మనిషి మేము లేచేదాకా తన రేడియో ఆపి ఉంచాడు.

ఇంటికి వచ్చాక ఆంటీ ఇచ్చిన చిరునామాతో తెచ్చుకున్న బెబింకాను చుట్టుపక్కల ఇళ్ళకు పంచాము. కొబ్బరిపాలు, గుడ్డు సొన, చక్కెర, నెయ్యి కలిపి పొర తరువాత పొర కాల్చే తీపి అది. దారిలో కొంత నలిగింది, రుచి చెడలేదు. మరుసటి వారం వానకు ఉరుస్తున్న వంటింటి గోడ బాగుచేయడానికి మేస్త్రి వచ్చాడు. చిన్నమ్మాయి గుమ్మంలోనే ఎదురెళ్ళి, “మీరు పోర్చుగీసు మాట, తెలుసా?” అన్నది. ఆయన ఏమీ అర్థం కాక మా వైపు చూసి, ఆ గోడకు ఆనుకుని ఉన్న అల్మారాను ముందు పక్కకు జరపమన్నాడు. చిన్నమ్మాయి పడీపడీ నవ్వింది.